నల్లమట్టి దొడ్డిలో తొలిసారి కూరగాయల మళ్ళు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపాదు (మే 19)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో కొత్తపేట దగ్గరి పల్లె. పన్నెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేశాను. ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరకడంతో నిరుడు అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాము. ఇంటి వెనుక సుమారు 4 సెంట్ల దొడ్డి ఉంది. పడమటి పక్కన రెండు కొబ్బరి చెట్లు, ఈశాన్యంలో నుయ్యి, దక్షిణపు గోడ వెంబడి ఊరి మురుగు కోడులో కలిసే చిన్న బోదె (నీటి కాలువ) ఉన్నాయి. మట్టి నల్లగా, జిగటగా ఉంటుంది. ఎండాకాలంలో వేలు దూరేటంత నెర్రెలు విచ్చుతుంది, వానాకాలంలో చెప్పు దిగబడుతుంది.

నిరుడు ఆగస్టులో ఒక నర్సరీ నుంచి 40 టమాటా మొక్కలు తెచ్చి నేలలో నాటాను. మూడు వారాలు చక్కగా ఎదిగాయి. తరువాత నాలుగు రోజులు వరుసగా వాన కురిసింది. ఆ వారంలోనే ఆకులు పచ్చగా ఉండగానే తలలు వాల్చి 31 మొక్కలు పోయాయి. ఈసారి అలా జరగకూడదని ముందే అడుగుతున్నాను. మొత్తం 4 సెంట్లలో పద్నాలుగు రకాలు వేయాలని, దానికి ముందు మూడు ట్రాక్టర్ల గరువు (మెరక నేల) మట్టి తోలించాలని అనుకుంటున్నాను. విత్తనాలు కూడా కొన్నాను. ఇది సరైన పద్ధతేనా? నేను తప్పకుండా చూసుకోవలసినవి ఏమిటి?

లంకమట్టి (మే 19)

బాబూ, మట్టి తోలించే ఆలోచన ప్రస్తుతానికి ఆపండి. నేను నలభై ఏళ్ళుగా కూరపాదులు పెంచుతున్నాను. మన నల్లమట్టిలో బలానికి కొదవ లేదు. కొదవల్లా వేళ్ళకు గాలి అందకపోవడమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన నాటి నుంచి నీరు ఎలా వస్తుందన్న దాని మీదే మన ధ్యాసంతా ఉంది. సముద్రం వైపు వాలు బహు స్వల్పంగా ఉండే ఈ నేలలో వచ్చిన నీరు ఎలా పోతుందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. వరి నిలిచిన నీటిని ఓర్చుకుంటుంది. టమాటా, మిరప ఒక రోజు దాటితే ఓర్చుకోలేవు. మీ టమాటాల సంగతి వింటే తెగులు కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. అయితే ఆ తెగులుకు తలుపు తీసింది నిలిచిన నీరే.

ముందుగా ఒక పరీక్ష చేయండి. దొడ్డిలో రెండు మూడు చోట్ల అడుగు లోతు, అడుగు వెడల్పు గుంటలు తీసి, నిండా నీరు పోసి ఇంకనివ్వండి. ఇప్పుడు నేల నెర్రెలు విచ్చి ఉంది కనుక మొదటి నీరు నెర్రెల్లోంచి ఇట్టే మాయమవుతుంది. దానిని చూసి మురిసిపోకూడదు. మట్టి ఉబ్బాక మళ్ళీ నింపి, అది ఎన్ని గంటల్లో ఇంకుతుందో గడియారం పెట్టుకుని చూడాలి. నాలుగైదు గంటల్లో ఇంకితే మామూలు మళ్ళు చాలు. పూట గడిచినా నీరు అలాగే ఉంటే ఎత్తు మళ్ళు తప్పవు.

ఎత్తు మడికి బయటి మట్టి అక్కరలేదు. మూడున్నర అడుగుల వెడల్పున మడి, పక్కన అడుగున్నర వెడల్పున దారి గుర్తు పెట్టుకుని, దారిలోని పై మట్టిని తవ్వి మడి మీదికి ఎత్తితే మడి అడుగు ఎత్తు లేస్తుంది, దారి దానంతటదే మురుగు బోదె అవుతుంది. బోదెలన్నీ మీ దక్షిణపు గోడ వైపు వాలేలా తవ్వాలి. మూడున్నర అడుగులు ఎందుకంటే, రెండు పక్కల నుంచీ చెయ్యి చాపితే నడుమకు అందాలి, మడిలో ఎవరూ కాలు పెట్టకూడదు. ఒకసారి తొక్కిన నల్లమట్టిని మళ్ళీ గుల్ల చేయడానికి ఏడాది పడుతుంది.

ఇక పదును, అంటే మట్టి తవ్వడానికి తగిన తడి సంగతి. తొలకరి పడిన రెండో రోజున గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించండి. వేళ్ళ సందుల్లోంచి జారి చేతికి అంటుకుంటే పార ముట్టుకోవద్దు. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోతే అదే పదును. ఆ పదును మన నేలలో రెండు మూడు రోజులకు మించి నిలవదు కనుక ఆ రోజులకు పని ఖాళీ చేసుకోండి.

చివరి మాట. 4 సెంట్లూ ఒక్కసారి మొదలుపెట్టకండి. ఈ ఏడాది ఒక్క సెంటు చాలు. సెంటంటే 48 గజాల పైమాటే, అందులో ఇలాంటి మళ్ళు ఆరు పడతాయి. కొత్తవారికి ఆ ఆరు మళ్ళలో కలుపు తీయడమే రోజూ గంట పని.

మండపేట వాకిలి (మే 20)

లంకమట్టి గారి మాటకు నా అనుభవం జోడిస్తున్నాను. జిగట పోతుందని నేను రెండు బళ్ళ ఇసుక తోలించి నల్లమట్టిలో కలిపాను. వేసవి వచ్చేసరికి అది ఇటుకలా గట్టిపడింది, గునపం కూడా దిగలేదు. దానిని మళ్ళీ దారికి తెచ్చింది మూడేళ్ళ పాటు వేసిన మాగిన పశువుల ఎరువు, ఎండాకులే.

కొత్తపాదు (మే 21)

గుంటలు తీసి చూశాను. మొదటిసారి పోసిన నీరు అరగంటలో పోయింది. రెండోసారి ఉదయం 7 గంటలకు నింపితే నూతి దగ్గరి గుంట మధ్యాహ్నానికి ఇంకింది కానీ, నిరుడు టమాటాలు వేసిన చోట సాయంత్రం 6 గంటలకు కూడా నాలుగు అంగుళాల నీరు నిలిచే ఉంది. నాన్నగారు ఆ గుంట పక్కన నిలబడి, చిన్నప్పుడు అక్కడే ఊడ్పుల ముందు వరి నారు కోసం ఆకుమడి పోసేవాళ్ళమని చెప్పారు. మట్టి తోలించే పని మానుకున్నాను. ఎత్తు మళ్ళే వేస్తాను.

అంబాజీపేట అరుగు (మే 21)

కొబ్బరి చెట్ల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. కొబ్బరి వేళ్ళలో చాలా భాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే అల్లుకుని ఉంటాయి. ఆ వలయంలో తవ్వకండి, చెట్టూ దెబ్బతింటుంది, మడిలో వేసిన ఎరువునూ ఆ వేళ్ళే లాగేసుకుంటాయి. మీ చెట్లు పడమట ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం తరువాత నీడ దొడ్డి మీద పడుతుంది. ఒక సెలవు రోజున ఉదయం నుంచి సాయంత్రం వరకు గంటకొకసారి నీడ అంచున పుల్లలు గుచ్చి చూడండి. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటనే వంగ, బెండ, టమాటా, మిరప కాస్తాయి. నీడ పడే చోట కంద, చేమ, పసుపు, అల్లం, తీగ బచ్చలి హాయిగా పెరుగుతాయి. మన ఇళ్ళలో కంద బచ్చలి కూరకు కావలసిన రెండూ ఆ నీడలోనే దొరుకుతాయన్న మాట.

ఎరువు విషయంలో ఒక హెచ్చరిక. కొబ్బరి ప్రాంతంలో పశువుల పెంట కుప్పలే కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగుకు పుట్టిల్లు. మీరు తెచ్చే ఎరువును ఎండలో పరిచి చూడండి. వేలెడంత లావున, అర్ధచంద్రంలా ముడుచుకున్న తెల్లని పురుగులు కనిపిస్తే ఏరి చంపాలి. కంపోస్టు గుంటను కూడా నెలకొకసారి తిరగెయ్యాలి. కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది కదా అని పచ్చిది మళ్ళలో కలపకండి. అందులో ఉప్పూ ఎక్కువే, వగరూ ఎక్కువే. రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండి, పశువుల ఎరువుతో కలిపి మాగాకే వాడాలి. డొక్కలను మాత్రం బోదెల్లో బోర్లా పరచుకోవచ్చు. నడవడానికి అనువుగా ఉంటుంది, కలుపూ తగ్గుతుంది.

మొగల్తూరు తీరం (మే 22)

మాది సముద్రానికి దగ్గరి ఊరు, చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మా దొడ్డిలో ఎండాకాలం నేల మీద తెల్లని పొర కడుతుంది, బెండ గింజ మొలిచినా ఆకు అంచులు మాడిపోతాయి. జిప్సం వేయమని ఒకరు, వేయవద్దని ఒకరు అంటున్నారు. ఎత్తు మళ్ళు మాకూ పనికొస్తాయా?

వేపగింజ (మే 22)

నేను ఉద్యాన విద్య చదివినవాడిని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మొగల్తూరు తీరం గారూ, చౌడు రెండు రకాలు. తెల్లని పొర కట్టేది పాల చౌడు. అందులో ఉన్నది కరిగే ఉప్పు, దానికి మందు మంచినీరు. జిప్సం కారు చౌడుకు, అంటే ఉదజని సూచిక (pH) 8.5 దాటి, నేల నల్లగా, తడిస్తే సబ్బులా జారేటట్లు ఉన్నప్పుడు. ఏది మీదో తెలియకుండా జిప్సం వేస్తే డబ్బు దండగ. మట్టిని పరీక్ష చేయించండి. దొడ్డిలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున ‘వి’ ఆకారపు గుంటలు తీసి, గుంట గోడ వెంబడి పలుచని పొర గీసి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చుకుని, నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. మీకు ఉండి ఊరిలోని కృషి విజ్ఞాన కేంద్రం, మెట్ట వైపు వారికి వెంకటరామన్నగూడెం కేంద్రం దగ్గర. ఫలితాల కాగితంలో లవణ సూచిక 1 లోపు ఉంటే కూరగాయలకు భయం లేదు.

ఎత్తు మళ్ళు మీకు మరీ అవసరం. తొలకరి నుంచి కురిసే వాన మడిలోని ఉప్పును కరిగించి బోదెలోకి దించుతుంది, బోదె నుంచి అది బయటికి పోయే దారి ఉంటే చాలు. అందుకని జూన్‌లోనే విత్తకుండా రెండు మూడు మంచి వానలు పడనివ్వండి. నీటి కోసం బోరు లోతుకు దించవద్దు. తీరంలో తీపినీరు పైన పలుచని పొరగా తేలుతుంది, లోతుకు పోయిన కొద్దీ ఉప్పే వస్తుంది. మొదటి ఏడాది పాలకూర, తోటకూర ప్రయత్నించండి. పాలకూర ఉప్పును బాగా ఓర్చుకుంటుంది, బీన్సు జాతి ఓర్చుకోదు.

తణుకు పంతులమ్మ (మే 23)

కొత్తపాదు గారూ, మీరు కొన్న పద్నాలుగు రకాలూ మంచివే కావచ్చు, కానీ అన్నిటికీ ఒకే అదను ఉండదు. ముప్పై ఏళ్ళ నుంచి నేను గోడ మీది క్యాలెండరులో ఏ రోజు ఏమి విత్తానో, ఏ రోజు మొదటి కాయ కోశానో రాసుకుంటున్నాను. ఆ క్యాలెండర్లన్నీ తీసి చూసి ఈ మాట చెబుతున్నాను.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం వరకు బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, పాదుల్లో ఆనప, బీర, పొట్ల, కాకర వేసుకోవాలి. అప్పుడే వంగ నారు పోసుకుంటే నెల రోజుల నారు జూలైలో నాటుకు వస్తుంది. పందిరి చిక్కుడుకు జూలై నెలాఖరు నుంచి ఆగస్టు నడిమి వరకు సమయం. ముందే వేసినా అది ఆకూ తీగా పెంచుకుంటూ పోతుందే తప్ప, పగలు పొట్టిబడి చలి మొదలైతేనే పూత పడుతుంది. మా ఇంట్లో ఏ నెలలో విత్తినా కాయ మాత్రం కార్తికం దాటాకే. మిరప నారు ఆగస్టులో పోసుకుని సెప్టెంబరు నెలాఖరుకు నాటుకోవచ్చు. టమాటా నారు సెప్టెంబరు చివర పోసి, పెద్ద వానలు వెనుకపట్టాక, అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు పదిహేను లోపు నాటాలి. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, కాబేజీ వంటివన్నీ నవంబరు పనులే. జనవరి చివర మళ్ళీ బెండ, దోస, గుమ్మడి వేసుకుంటే కాలువలు కట్టేసే ఏప్రిల్ నాటికి కాపు సగానికి పైగా చేతికి వస్తుంది.

మీరు నిరుడు ఆగస్టులో టమాటా నాటారు. మట్టికంటె, మొక్కకంటె ముందు అదను తప్పింది.

ఆత్రేయపురం గట్టు (మే 23)

పంతులమ్మ గారితో సగమే ఏకీభవిస్తాను. ఇప్పుడు వస్తున్న హైబ్రిడ్ టమాటాలు వానాకాలంలో కూడా కాస్తున్నాయి. పైగా వర్షాకాలంలోనే కదా టమాటా ధర మండిపోయేది? ఇంటి టమాటా కావలసింది కూడా అప్పుడే.

వేపగింజ (మే 24)

మీరన్నది కొంత నిజం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరసును, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకునేలా రూపొందినదే. అయితే తట్టుకోవడం అంటే నీట మునిగినా బతకడం కాదు. మెట్టలో, తువ్వ (ఇసుక కలిసిన) నేలలో చేయగలిగిన పనిని ఆకుమడి పోసిన నల్లమట్టిలో కొత్తవారు చేయబోవడం సాహసం. ఆశ ఉంటే నాలుగు మొక్కలు కుండీల్లో పెట్టుకుని చూడవచ్చు.

విత్తనాల ఎంపికలో మాత్రం నా మొగ్గు హైబ్రిడ్ కాని సూటి రకాల వైపే. మొదటి ఏడాది పంట చూసుకుని మీ విత్తనం మీరే తీసుకోవచ్చు, హైబ్రిడ్ నుంచి తీసిన గింజ తల్లి లక్షణాలను నిలబెట్టుకోదు. బెండలో పర్భణి క్రాంతి, అర్క అనామిక పల్లాకు తెగులును కొంత తట్టుకుంటాయి. వంగలో ఎండు తెగులు భయం ఉన్న నేలకు అర్క కేశవ్, అర్క నిధి తగినవి. గోరుచిక్కుడుకు పూసా నవబహార్ పాత నమ్మకస్తురాలు.

కడియం నారుమడి (మే 24)

నర్సరీ పనిలో ఉన్నదాన్ని కనుక నారు గురించి రెండు మాటలు. మంచి నారు అంటే పొడుగైన నారు కాదు. ట్రేలో మూరెడు ఎత్తున, లేత పచ్చగా, సన్నని కాడతో ఉన్నది నీడలో సాగిపోయిన నారు, అది మీ మడిలో వాలిపోతుంది. జానెడు మించకుండా, ఐదారు ఆకులతో, కాడ పెన్సిలులో సగం లావున ఉన్నది తీసుకోండి. ఒక మొక్కను ట్రే నుంచి తీసి చూపించమని అడగండి, మొహమాటపడవద్దు. వేళ్ళు తెల్లగా మట్టిని అల్లుకుని ఉండాలి. గోధుమ రంగుకు తిరిగి గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే అది ముదిరిన నారు. ఆకు అడుగున గోటితో గీరి తెల్లదోమ ఉందేమో కూడా చూడండి. తెచ్చిన రోజునే నాటకుండా రెండు మూడు రోజులు మీ ఇంటి ఎండకు అలవాటు పడనిచ్చి, సాయంత్రం పూట నాటండి.

తోటకూర, గోంగూర గింజలు చల్లేటప్పుడు గుప్పెడు గింజలకు నాలుగు గుప్పెళ్ళ పొడి ఇసుక కలిపితే ఒకేచోట గుత్తిగా పడకుండా సమంగా పడతాయి. బెండ, కాకర, పొట్ల గింజలను రాత్రంతా నీటిలో నానబెట్టి విత్తుకోండి.

కొత్తపాదు (మే 26)

అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపి, చిక్కుడు పాదు లేని దొడ్డి దొడ్డే కాదని, రథసప్తమికి చిక్కుడు ఆకుల మీద పరమాన్నం నివేదన మన ఇంటి పాదుదే కావాలని చెప్పారు. కాబట్టి ప్రణాళిక ఇలా మారింది. నూతికీ మురుగు బోదెకూ మధ్య ఎండ తగిలే ఒక సెంటులో ఆరు ఎత్తు మళ్ళు. ఎకరాకు 10 టన్నుల లెక్కన సెంటుకు 100 కిలోల మాగిన పశువుల ఎరువు. ఒక మడిలో బెండ, ఒక మడిలో వంగ, ఒకటి ఆకుకూరలకు, ఒకటి గోరుచిక్కుడుకు, మిగిలిన రెండూ అక్టోబరు టమాటా, మిరపల కోసం ఖాళీగా ఉంచి, అంతవరకు పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నుతాను. ఉత్తరపు దడి పక్కన సరుగుడు బాదులతో పందిరి వేసి ఆనప, బీర, తరువాత చిక్కుడు. కొబ్బరి నీడలో కంద, బచ్చలి. మిగిలిన మూడు సెంట్లూ ఈ ఏడాది ముట్టుకోను.

లంకమట్టి (మే 26)

ఇప్పుడు దారిలో పడ్డారు. పందిరిని ఉత్తరం వైపు పెట్టడం బాగుంది, మళ్ళ మీద నీడ పడదు. వంగను మాత్రం నిరుడు టమాటా పోయిన చోట పెట్టకండి. రెండూ ఒక కులం మొక్కలు, ఒకదాని తెగులు ఇంకొకదానికి అంటుతుంది.

కొత్తపాదు (ఆగస్టు 17)

చాలా రోజుల తరువాత రాస్తున్నాను. జూలై వానల్లో బోదెలు నిండుగా పారాయి, మళ్ళ మీద ఒక్కరోజు కూడా నీరు నిలవలేదు. బెండ ఇప్పటికి ఎనిమిది కోతలు కోశాము. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతోంది. అయితే ఒక బాధ కలిగింది. మూడో మడిలో, అంటే నిరుటి టమాటా చోటుకు ఆనుకుని ఉన్న మడిలో, వంగ మొక్కలు మూడు నిన్న మధ్యాహ్నం తల వాల్చాయి. రాత్రికి కోలుకుని ఇవాళ మళ్ళీ వాలాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆ మడి చివర నిరుటి చోటులోకి రెండడుగులు పోయిందని ఇప్పుడు గమనించాను.

వేపగింజ (ఆగస్టు 17)

వాలిన మొక్కను వేరుతో సహా పీకి, కాడను నేలకు నాలుగంగుళాల పైన పదునైన కత్తితో కోయండి. గాజు గ్లాసులో తేటనీరు పోసి, కోసిన కొస నీటిలో కొద్దిగా మునిగేలా కదలకుండా పట్టుకోండి. బాక్టీరియా ఎండు తెగులు అయితే రెండు మూడు నిమిషాల్లో కోత నుంచి పాల వంటి తెల్లని దారం కిందికి జారుతుంది. ఏమీ రాకపోతే అది వేరుకుళ్ళో, శిలీంధ్రపు ఎండు తెగులో అయి ఉంటుంది.

కొత్తపాదు (ఆగస్టు 17)

చేశాను. నిమిషం గడవకుండానే తెల్లని పోగు దిగింది, సన్నని పొగ నీటిలో కిందికి జారుతున్నట్లుగా. గ్లాసును కిటికీ దగ్గర వెలుగుకు పెట్టి నాన్నగారికి కూడా చూపించాను. నిరుడు టమాటాలు ఎందుకు పోయాయో ఈ రోజు అర్థమయింది.

వేపగింజ (ఆగస్టు 18)

దీనికి చల్లే మందుతో నయం చేయడం జరగదు, వ్యాపించకుండా చూడటమే మన చేతిలో ఉన్నది. వాలిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టి ముద్దతో సహా తీసి కాల్చేయండి, కంపోస్టు గుంటలో వేయవద్దు. ఆ మడి నుంచి నీరు వేరే మళ్ళ పక్కగా పారకుండా బోదెను వేరు చేయండి. ఆ మడిలో వాడిన పార, బొరిగెలను కడిగి ఆరబెట్టాకే ఇంకో మడిలో పెట్టండి. కనీసం రెండు మూడేళ్ళు అక్కడ వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వేయకండి. మొక్కజొన్న వేసుకోవచ్చు. వంగ తప్పనిసరి అనిపిస్తే ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) వేరు మీద అంటుకట్టిన వంగ నారు కొన్ని చోట్ల దొరుకుతోంది, ఉస్తి వేరు ఈ తెగులును బాగా తట్టుకుంటుంది.

మండపేట వాకిలి (సెప్టెంబరు 2)

సందర్భం వచ్చింది కనుక నాదొక సందేహం. మా ఆనపకు పూత విరగబూస్తోంది, పిందె మాత్రం వేలెడంత అయి పసుపుబారి రాలిపోతోంది. ఎరువు తక్కువైందా?

తణుకు పంతులమ్మ (సెప్టెంబరు 2)

ఎరువు కాదండి, పువ్వుకు పువ్వు కలవలేదు. ఆడపువ్వు వెనుక బుల్లి కాయ ఉంటుంది, మగపువ్వుకు వట్టి కాడే. ఆనప, బీర పూలు సాయంత్రం పొద్దువాలేటప్పుడు విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పొద్దున్నే. సాయంత్రం వాన పడితే రెక్కల పురుగులు తిరగవు, కలయిక జరగదు. పొద్దుగూకే వేళ ఒక మగపువ్వును కోసి, రేకులు తుంచేసి, నడిమి పొడి ఆడపువ్వు నడుమ మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు చాలుతుంది. కలిసిన పిందె రెండు రోజుల్లో తల కిందికి వంచి నిగనిగలాడుతుంది. అప్పటికీ రాలితే పిందె కోసి చూడండి, లోపల పురుగు కనిపిస్తే అది పండు ఈగ పని. రాలిన పిందెలను ఏ రోజువి ఆ రోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి.

బీరకాయను వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే ఎంత లేతదైనా పారేయండి.

లంకమట్టి (అక్టోబరు 11)

చిత్త కార్తె వచ్చింది, తుపాన్ల రోజులు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోవడం చూసినవాళ్ళం, అందుకే ముందుగా చెబుతున్నాను. పందిరి బాదులను రెండడుగుల లోతుకు దించి, నాలుగు మూలలా తీగతో నేలలోని గుంజలకు లాగి కట్టండి. పందిరి ఆరడుగులు మించకూడదు. బోదెల్లో పేరుకున్న ఒండ్రును ఇప్పుడే ఎత్తి మళ్ళ మీద వేసేయండి. తుపాను కబురు రాగానే కోతకు వచ్చినవన్నీ కోసేయండి. టమాటా నారు ట్రేల్లోనే ఉంటే వరండాలోకి తెచ్చుకోండి. వాన వెలిశాక రెండు రోజులు మళ్ళ దగ్గరికి పోకుండా బోదెల్లో నీరు మాత్రం తీసేయండి. తడిలో తొక్కితే ఇంతకాలం చేసిన గుల్ల అంతా అడుసవుతుంది.

కొత్తపాదు (ఫిబ్రవరి 2)

టమాటా నవంబరు 9న నాటాను, 24 మొక్కల్లో 22 బతికాయి. సంక్రాంతికి వంకాయ, మా చిక్కుడు, గుమ్మడి అన్నీ కలిపి అమ్మ కలగూర వండారు. చిక్కుడు పందిరి నిండా కాసింది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి రథం కట్టి, ఆకుల మీద పరమాన్నం నివేదించాము. పేనుబంక వచ్చినప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట రెండుసార్లు చల్లాను, తగ్గింది.

ఇప్పుడు అడగవలసింది ఒకటే. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే మా నూతిలో మే నెలకు రోజుకు పది బిందెల నీరే ఉంటుంది. ఆరు మళ్ళకూ అది చాలదు. తెగులు వచ్చిన మూడో మడి కూడా ఆగస్టు నుంచి ఖాళీగానే ఉంది.

లంకమట్టి (ఫిబ్రవరి 3)

పది బిందెలతో ఒక మడి తోటకూర, రెండు దోస పాదులు నిలుస్తాయి, అంతకు మించి ఆశపడకండి. మొదళ్ళలో జానెడు మందాన వరిగడ్డి పరిచి, సూర్యోదయానికి ముందే పోయండి. మిగిలిన మళ్ళను ఎండనివ్వండి, జూన్‌లో కాలువలు వదిలి తొలకరి పడగానే మళ్ళీ జనుము చల్లుకోవచ్చు.

వేపగింజ (ఫిబ్రవరి 3)

మూడో మడికి ఎండనే మందుగా వాడండి. ఏప్రిల్ నెలాఖరున మడిని గుల్లగా తవ్వి, గడ్డలు చితక్కొట్టి, జానెడు లోతు వరకు తడిసేలా ఒకసారి నీరు పెట్టండి. తడి నేలలోనే వేడి లోతుకు దిగుతుంది. తరువాత మడి మీద రంగు లేని, వెలుగు లోపలికి పోయే పాలిథిన్ పట్టాను నేలకు అంటుకునేలా పరచి, నాలుగు అంచులనూ మట్టితో కప్పేయండి. నల్ల పట్టా వద్దు, అది తాను వేడెక్కుతుందే కానీ వేడిని నేలలోకి పంపదు. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచాలి. పిల్లి గానీ కుక్క గానీ చించితే ఆ రోజునే టేపు అంటించండి. తెగులు పూర్తిగా పోతుందని అనను, కానీ చాలా వరకు తగ్గుతుంది. జూన్‌లో పట్టా తీశాక లోతుగా తిరగెయ్యకుండా పైపైన మాత్రమే గీకి, అందులో మొక్కజొన్న విత్తండి.